హబ్సిగూడ ల్యాబుల లెక్కకు అందని మ్యాన్‌హోల్

2020 ఆగస్టులో, కొవిడ్ టెస్టుల కోసం హైదరాబాద్ జనం క్యూలు కడుతున్న రోజుల్లో, హబ్సిగూడ నుంచి ఒక అంకె బయటకు వచ్చింది. అంతకు ముందు 35 రోజుల వ్యవధిలో వైరస్ సోకినవారు నగరంలో దాదాపు 6.6 లక్షల మంది ఉంటారని. ప్రభుత్వం రోజూ ప్రకటిస్తున్న కేసులకు ఇది ఎన్నో రెట్లు. ఆ మాట చెప్పింది ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ, దాని పక్కనే తార్నాకలో ఉన్న ఐఐసీటీ. ఒక్క మనిషి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా చెప్పాయి. మురుగునీళ్లను పరీక్షించి చెప్పాయి.

లెక్క వేసిన పద్ధతి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వైరస్ సోకిన మనిషి, జ్వరం వచ్చినా రాకపోయినా, మలంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కొన్ని వారాలపాటు విసర్జిస్తాడు. అవి డ్రైనేజీలో కలిసి మురుగుశుద్ధి కేంద్రానికి చేరతాయి. అక్కడ లీటరు నీటిలో ఎన్ని ముక్కలున్నాయో కొలిచి, రోజుకు వచ్చే నీటితో హెచ్చవేసి, ఒక మనిషి సగటున విసర్జించే మోతాదుతో భాగిస్తే ఎంతమందికి సోకిందో వస్తుంది. నగరం రోజుకు వాడే నీళ్లు దాదాపు 180 కోట్ల లీటర్లు. అందులో శుద్ధి కేంద్రాలకు చేరేది 40 శాతం. ఆ కేంద్రాల్లో 80 శాతం చోట్ల నమూనాలు తీస్తే దాదాపు 2 లక్షల మంది లెక్క తేలింది. దాన్ని నగరం మొత్తానికి విస్తరిస్తే వచ్చిందే 6.6 లక్షలు.

మంచి పనే చేశారు. ఖర్చు తక్కువ, అబద్ధం చెప్పే వీలు లేదు. టెస్టుకు పోతే రోజు కూలీ పోతుందని భయపడ్డ మనిషి, పాజిటివ్ వస్తే ఓనర్ ఇల్లు ఖాళీ చేయిస్తాడని దాచుకున్న మనిషి కూడా అందులో లెక్కకు వస్తారు. ఆధార్ అడగదు, కులం అడగదు. ఆ రోజుల్లో ప్రభుత్వ గణాంకాల్లో దీనంత ప్రజాస్వామికమైన అంకె మరొకటి లేదనే చెప్పాలి.

అయితే ఆ 40 శాతం దగ్గర కాసేపు ఆగాలి. మిగతా 60 శాతం ఎక్కడిది? నాలాల్లోకి, చెరువుల్లోకి, మూసీలోకి నేరుగా పోయేది. డ్రైనేజీ లైను లేక సెప్టిక్ ట్యాంకుల్లో నిలిచిపోయేది. శుద్ధి కేంద్రం దాకా పైపు ఉన్న ఇళ్లలో ఎలా ఉందో, లేని ఇళ్లలోనూ అలాగే ఉందనుకుంటేనే 2 లక్షలు 6.6 లక్షలవుతాయి. ప్రతి మోడల్‌లోనూ ఇలాంటి 'అనుకుందాం' ఒకటి ఉంటుంది, లేకపోతే లెక్క ముందుకు పోదు. అసలు సంగతి ఆ అనుకున్నది నిజమా కాదా అని.

దానికి జవాబు కొన్ని నెలల్లో హబ్సిగూడ నుంచే వచ్చింది. సీసీఎంబీ, ఎన్‌ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి 2021 మొదట్లో 30 వార్డుల్లో 9,000 మంది రక్తం పరీక్షించాయి. సగటున 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. చాలా వార్డులు 50-60 మధ్యనే ఉన్నా, కొన్ని 70 దాకా పోయాయి, కొన్ని 30 దగ్గరే ఆగాయి. ఒకే నగరం, ఒకే వైరస్, రెండింతలకు మించిన తేడా. హైదరాబాద్ ఒకే కుండలో కలియబెట్టిన పప్పుచారు కాదు. అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది, పైన తేలేది పైనే తేలుతుంది.

అందరూ కలిసిపోయి ఉంటారనే ఆ ఊహకు పాత చరిత్ర ఉంది. అందులో కొంత మన దగ్గరిదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బులిచ్చాడు. నోబెల్ రాస్‌కు వచ్చింది, అణాలు హుస్సేన్ ఖాన్‌కు వచ్చాయి. తర్వాత రాస్ మలేరియా వ్యాప్తికి గణిత సమీకరణాలు రాశాడు. ఆ దారిలోనే మెక్‌కెండ్రిక్ అనే వైద్యాధికారి నడిచాడు. కసౌలీ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆయన 1927లో కెర్మాక్‌తో కలిసి అంటువ్యాధుల సిద్ధాంతం రాసినప్పుడు, లెక్క సరిచూసుకోవడానికి వాడింది 1905-06 బొంబాయి ప్లేగు చావుల వివరాలు. ఈ రోజుకీ ప్రపంచంలో చాలా మహమ్మారి మోడళ్లు ఆ సమీకరణాల మీదే నిలబడతాయి.

ఆ సమీకరణాల గుండెకాయ రసాయనశాస్త్రం నుంచి తెచ్చుకున్నది. పాత్రలో రెండు రకాల అణువులుంటే, అవి ఎంత తరచుగా ఢీకొంటాయన్నది రెండింటి సంఖ్యల లబ్ధం మీద ఆధారపడి ఉంటుంది. అణువు స్థానంలో మనిషిని పెట్టారు. ప్రతి మనిషీ ప్రతి మనిషికీ సమానంగా ఎదురుపడతాడని అనుకున్నారు. గాలిలోని అణువుకు వాడ లేదు, గేటు లేదు, వేరే గ్లాసు లేదు. బొంబాయిలో మాత్రం 1905లోనూ అవన్నీ ఉన్నాయి.

2020-21లో ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన ఎం. విద్యాసాగర్, ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగర్వాల్ బృందం తయారుచేసిన 'సూత్ర' మోడల్ ఈ ఇబ్బందిని కొంత గుర్తించింది. వైరస్ జనాభాలో ఎంత భాగానికి 'చేరుకుంది' అనే ఒక గుణకాన్ని అందులో పెట్టారు. అయినా రెండో వేవ్ ఏప్రిల్ మధ్యలో రోజుకు లక్ష కేసుల దగ్గర పతాకస్థాయికి వస్తుందన్న తొలి అంచనా నిలబడలేదు. మే 6న దేశంలో ఒక్క రోజే 4 లక్షలు దాటాయి. కొత్త వేరియంట్ రావడం అందుకు ప్రధాన కారణం కావచ్చు, దాన్ని వాళ్ల నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ 'చేరుకుంది' అన్న ఒక్క అంకెలో వాడకూ ఊరికీ మధ్య తేడా అంతా దాక్కుంటుంది. అది విడిగా కనిపించదు.

ఆ తేడా ఎంతో తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. యాషర్, నోవోసాద్, అదూకియా తదితర ఆర్థికవేత్తలు దేశంలోని 15 లక్షల నివాస ప్రాంతాల వివరాలు పరిశీలించి 2023లో ఒక పత్రం వెలువరించారు. ఒక్కో ప్రాంతంలో సుమారు 700 మంది. దళితుల్లో 17 శాతం మంది 80 శాతానికి పైగా దళితులే ఉన్నచోట బతుకుతున్నారు. ముస్లింలలో అలా తమవాళ్ల మధ్యనే బతికేది 26 శాతం. ఒకే నగరంలో దళిత వాడలకు స్కూళ్లు, ఆసుపత్రులు, మంచినీళ్లు, డ్రైనేజీ తక్కువగా అందుతున్నాయనీ తేలింది. మురుగు పైపు వేసేది ఇంజినీరే అయినా, ఎటు వేయాలో చెప్పేది చాలాసార్లు కులమే.

యూరప్‌లో ఎవరు రోజుకు ఎవరిని ఎంతసేపు కలుస్తారో వయసుల వారీగా సర్వే చేసి పట్టికలు తయారుచేశారు. కొవిడ్ మోడళ్లు వాటిని విరివిగా వాడుకున్నాయి. మనకు వయసుతో పాటు కులం పట్టిక కూడా కావాలి. అదీ ఒక వింత ఆకారంలో వస్తుంది: నివాసం వేరు, పని మాత్రం అవతలివాళ్ల ఇంట్లో. పాచిపని చేసే అమ్మ, చెత్త బండి నడిపే అన్న, మోరీ తీసే తమ్ముడు రోజూ వాడ దాటి కాలనీకి పోతారు. కాలనీవాళ్లు వాడకు రారు. అణువుల సమీకరణంలో ఒకవైపే తెరుచుకునే తలుపు లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ పైపు దగ్గరకే వద్దాం. శాంపిల్ బాటిల్ శుద్ధి కేంద్రం దాకా నింపడానికి వచ్చిందంటే, ఆ నీళ్లు అక్కడిదాకా పారాయని అర్థం. పారాయంటే ఎవరో పూడిక తీశారని అర్థం.

భౌతికశాస్త్రంలో ఒక మంచి అలవాటు ఉంది. కారణం వెతికే ముందు, అంతా యాదృచ్ఛికమే అయితే ఏం జరిగేదో లెక్క వేస్తారు. అది వేద్దాం. కేంద్ర ప్రభుత్వ 'నమస్తే' పథకం కింద 2024 నాటికి దేశంలో 38,000 మంది సీవర్, సెప్టిక్ ట్యాంక్ కార్మికుల వివరాలు నమోదు చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. ఈ పని లాటరీ తీసి పంచితే వారిలో ఎస్సీలు సుమారు 6,300 మంది ఉండాలి. నమోదైన వారిలో ఎస్సీలు 68.9 శాతం, అంటే 26 వేల పైచిలుకు. ఎస్టీ, ఓబీసీలను కలిపితే 91.9 శాతం. దాదాపు 20 వేల మంది తేడా. కోటిసార్లు లాటరీ తీసినా ఒక్కసారి కూడా ఇలా రాదు. బాబాసాహెబ్ 1936లోనే కులాన్ని శ్రామికుల విభజనగా చూపించారు. ఇక్కడ అదే విషయం భాగహారంలో కనిపిస్తోంది.

చావుల లెక్కకు వస్తే ఇంకో చిత్రం. 2021 జులైలో కేంద్ర మంత్రి రాజ్యసభలో, మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చావులేవీ నమోదు కాలేదని చెప్పారు. అబద్ధం అనడానికి వీల్లేని విధంగా చెప్పారు. 2013 చట్టంలో పొడి మరుగుదొడ్లు ఎత్తడం ఒక విభాగం, సీవర్లు, సెప్టిక్ ట్యాంకుల 'ప్రమాదకర శుభ్రత' వేరే విభాగం. చావు రెండో గదిలో పడుతుంది, మొదటి గదిలో సున్నా మిగులుతుంది. ఆ రెండో గదిలో 2019 నుంచి 2023 వరకు ప్రభుత్వమే ఒప్పుకున్నవి 377. మోడల్ ఎంత గొప్పదైనా గడికి పేరు పెట్టేవాడి చేతిలోనే ఫలితం ఉంటుంది.

ఆ చావులు ఎలా జరుగుతాయో శాస్త్రానికి వివరంగా తెలుసు. పైపు గోడలకు పట్టిన పాచిలో ఉండే బ్యాక్టీరియా మురుగులోని సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఎండ ముదిరితే, వాలు తక్కువై నీరు నెమ్మదిగా పారితే, ఎక్కువసేపు నిలిస్తే ఆ వాయువు ఎక్కువ పుడుతుంది. గాలికంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. ప్రమాదం పోయిందనుకుంటాడు దిగినవాడు. వెయ్యి దగ్గర ఒకటి రెండు శ్వాసల్లో కూలిపోతాడు. ఇంకో మెలిక ఉంది. వాయువు కొంత పూడికలో చిక్కుకుని ఉంటుంది. పారతో కదిలించగానే ఒక్కసారిగా బయటపడుతుంది. పైనుంచి పరికరం దింపి చూసినప్పుడు లేని విషం, పని మొదలుపెట్టాక పుట్టుకొస్తుంది. అందుకే పడిపోయినవాణ్ని తీయడానికి దిగినవాడు కూడా చచ్చిపోతాడు.

2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో జరిగింది అదే. రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దించిన కార్మికుడు, అతన్ని కాపాడబోయిన మరో కార్మికుడు, ఇద్దరూ పోయారు. కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నవాళ్లు. హబ్సిగూడ నుంచి సాహెబ్‌నగర్ ఏమంత దూరం కాదు. మురుగునీటిలో వైరస్ లెక్క బయటకొచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

హైదరాబాద్‌లో యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. 2017 జూన్‌లో జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలు దించింది. ఇరుకు సందుల్లోకి కూడా పోగల బండ్లు. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, వాటిని దళిత యువకులకే యజమాన్యంగా ఇప్పించారు. దేశమంతా మెచ్చుకున్నారు, మెచ్చుకోదగ్గదే. కానీ అప్పట్లో ఉప్పల్, ఎల్బీనగర్ లాంటి శివారు సర్కిళ్ల మురుగు లైన్లు జలమండలి కింద లేవు. జీహెచ్ఎంసీ చూసేది. సాహెబ్‌నగర్ చావుల తర్వాతే, 2021 అక్టోబర్ నుంచి, జలమండలికి అప్పగించారు. యంత్రం ఒక ఆఫీసుకి, మ్యాన్‌హోల్ ఇంకో ఆఫీసుకి. నడుమ దిగేది మనిషి.

నగరంలో 6.34 లక్షల మ్యాన్‌హోళ్లున్నాయని, అందులో 63 వేల పైచిలుకు ఐదడుగులకు మించి లోతైనవని జలమండలి లెక్క. 6.34 లక్షలను రోజూ చూడటం ఎవరి తరమూ కాదు. ఏవి ముందు పూడుకుంటాయో, ఎక్కడ విషవాయువు పేరుకుంటుందో చెప్పడానికి మోడల్ కావాలి. దానికి కావలసిన సరుకంతా ఉంది. పైపు వయసు, వాలు, లోతు ఇంజినీర్ల దగ్గర ఉంటాయి. ఉష్ణోగ్రత, వాన వాతావరణ శాఖ ఇస్తుంది. ఏ వీధి నుంచి ఎన్నిసార్లు ఫిర్యాదు వచ్చిందో 155313 నంబరుకు వచ్చే కాల్స్ చెబుతాయి. సల్ఫైడ్ ఎంత పుడుతుందో అంచనా వేసే సమీకరణాలను ఇంజినీర్లు 1970ల నుంచి వాడుతున్నారు, అయితే ఎక్కువగా కాంక్రీటు పైపు తినిపోకుండా కాపాడుకోవడానికి. పైపు ప్రాణం కోసం కట్టిన లెక్క మనిషి ప్రాణానికీ సరిపోతుంది. ఏ మ్యాన్‌హోల్ దగ్గరికి ఈ వారం బండి పంపాలో అది చెప్పగలదు.

సీసీఎంబీకి రోడ్డు అవతల ఎన్‌జీఆర్‌ఐ ఉంది. 1961లో పెట్టిన సంస్థ. మహేశ్వరం దగ్గర రాతిపొరల్లో భూగర్భజలం ఎటు కదులుతుందో ఏళ్లతరబడి మోడల్ చేసినవాళ్లు అందులో ఉన్నారు. కంటికి కనిపించని బండ పగుళ్లలో నీటిని లెక్కించగలిగిన నేర్పు, నక్షా ఉన్న పైపులో నీటిని లెక్కించలేనిది కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఆ ల్యాబులకు దగ్గర్లోని హబ్సిగూడ వీధి నంబర్ 8 మునిగింది, నాచారం, రామంతాపూర్ కాలనీలు మునిగాయి. నీళ్లు తీసిన తర్వాత అడుగున మిగిలిన బురద ఎవరు ఎత్తారో ఆ వీధులవాళ్లకు తెలుసు.

మరి ఈ ప్రశ్న ఎందుకు ఎవరూ వేయలేదు? వైరస్ అందరికీ సోకుతుంది, డైరెక్టర్‌కూ మంత్రికీ కూడా. మ్యాన్‌హోల్ అందరినీ చంపదు. అంతకు మించిన రహస్యమేదీ ఇందులో కనిపించడం లేదు. శాస్త్రవేత్తలకు దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. నిధులు ఇచ్చేవారు ఏ ప్రశ్నకు ఇస్తారో, ఆ ప్రశ్న అడిగే గదిలో ఎవరెవరు కూర్చుని ఉంటారో దాన్నిబట్టే లెక్క నడుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. డేటా అనగానే మనవాళ్లు చప్పట్లు కొట్టాల్సిన పని లేదు. ఇదే రాష్ట్రంలో కంప్యూటర్ లెక్క చూసి, ఇంటికి పోయి అడక్కుండానే రేషన్ కార్డులు ఎగ్గొట్టారు. దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పేదవాడి దగ్గర కారు ఉందేమోనని వెతకడానికి ప్రభుత్వం అన్ని శాఖల వివరాలూ ఒకచోట కలపగలిగింది. అదే పేదవాణ్ని ఏ కాంట్రాక్టర్ ఏ రాత్రి మ్యాన్‌హోల్‌లోకి దించాడో మాత్రం ఏ శాఖ దగ్గరా దొరకదు. 2022, 23లలో జరిగిన సీవర్ చావుల్లో 54 ఘటనలను కేంద్రం సోషల్ ఆడిట్ చేయించింది. 49 ఘటనల్లో ఒంటిమీద ఏ రక్షణ సామగ్రీ లేదు. 38 మందిని విడిగా, చేతి మాటగా పనిలోకి పిలిచారు. చేతి మాటకు రికార్డు ఉండదు, రికార్డు లేనిచోట మోడల్‌కు ముడిసరుకు ఉండదు. ఆ మాయం కావడం అనుకోకుండా జరిగేది కాదు, బాధ్యత తప్పించుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు సీవర్ చావుకు పరిహారం 30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా ఆరు మెట్రో నగరాల్లో మనుషుల్ని సీవర్లలోకి దించడం ఆపాలని ఆదేశించింది. ఆపామని అఫిడవిట్ రాయడం తేలిక. రుజువు అడగాల్సింది మనం. ఏ మ్యాన్‌హోల్‌కు ఏ తేదీన ఏ యంత్రం వెళ్లిందో, యంత్రం పోలేని చోట ఏం చేశారో నెలనెలా బయటపెట్టమని సమాచార హక్కు కింద అడగవచ్చు, కార్మిక సంఘాలు, సఫాయి కర్మచారీ ఆందోళన్ లాంటి సంస్థలు ఆ వివరాలను వీధి వీధికీ పోయి సరిచూడవచ్చు. 2024 నవంబర్‌లో రాష్ట్రం మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలింది. 2027 జనగణనలో కులం అడుగుతామని కేంద్రం అంటోంది. ఆ లెక్కలను వార్డు స్థాయిలో ఆపేయకుండా, పేర్లు బయటపడని విధంగా వీధి స్థాయిలో ఇస్తే, డ్రైనేజీ నక్షాను వాటి పక్కన పెట్టి చూడవచ్చు. పైపు ఎక్కడ ఆగిపోయిందో, అక్కడ ఎవరుంటున్నారో ఒకే కాగితం మీద కనబడుతుంది.

ఇదంతా ఇప్పుడే అడగాలి, ఎందుకంటే భూమిలో తవ్వకం నడుస్తోంది. 2020లో నగరానికి ఉన్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం రోజుకు 77 కోట్ల లీటర్లు. 2021లో 3,866 కోట్లతో మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. అవన్నీ కలిపితే అదనంగా 126 కోట్ల లీటర్లు. ఉప్పల్ నల్లచెరువు దగ్గర 8.65 కోట్ల లీటర్ల కొత్త కేంద్రం అందులో ఒకటి. శుద్ధి కేంద్రం కట్టాక దానికి నీళ్లు తేవడానికి కొత్త లైన్లు పడతాయి, కొత్త మ్యాన్‌హోళ్లు పడతాయి. కాంట్రాక్టర్ ఇచ్చే డ్రాయింగులో ప్రతి మ్యాన్‌హోల్‌కు ఒక నంబర్, లోతు, వాలు రాసి ఉంటాయి. వాటి పక్కన ఇంకొక గడి పెట్టించాలి: చివరిసారి దాన్ని శుభ్రం చేసింది ఏ యంత్రం, మనిషి దిగితే దిగమన్నది ఎవరు.